నాలుగు ముఖచిత్రాలు

వయొలిన్ నేర్చుకునే రోజుల్లో మా మాస్టారు తరచూ ఒక మాట అనేవారు: ‘సినిమా పాటలు వాయిస్తే చేయి పాడవుతుంది’. అందుకే ఆయన ముందు వర్ణాలు, ఇంట్లో తలుపేసుకుని పాటలు. పెద్దయ్యాక కూడా ఆ రెండు సంగీతాలనూ రెండు వేర్వేరు గదుల్లోనే ఉంచాను. వాటి మధ్య గోడ తీసేసింది బ్రెజిల్ స్వరకర్త రదమేస్ న్యాటలీ.

ఆయన 1906లో దక్షిణ బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రేలో పుట్టారు. తండ్రి ఇటలీ నుంచి వలస వచ్చిన సంగీతకారుడు. వెర్ది ఒపేరాలంటే ప్రాణం కాబట్టి పిల్లలకు వాటిలోని పాత్రల పేర్లు పెట్టుకున్నారు. రదమేస్ అంటే ‘ఐదా’లో సేనాని. కొడుకు చదివింది పియానో, కలగన్నది కచేరీ వేదిక. అన్నం పెట్టింది మాత్రం రియోలోని రేడియో. 1936లో మొదలైన రేడియో నాసియొనాల్‌లో ఆయన ఏళ్ల తరబడి ఇతరుల పాటలకు వాద్యవృందం కూర్చారు.

బాణీ కట్టినవారి పేరు అందరికీ గుర్తుంటుంది. ఏ వాద్యం ఎక్కడ పలకాలో, ఎక్కడ ఊరుకోవాలో నిర్ణయించినవారిని ఎవరూ అడగరు. ఆరి బరోజో పాట ‘అక్వరేలా దో బ్రజీల్’ 1939లో రికార్డయినప్పుడు ఆ పని చేసింది న్యాటలీయే. బ్రెజిల్ నృత్యసంగీతం సాంబాలో తాళవాద్యాలు మోసే దరువును ఆయన సాక్సోఫోన్ల చేత, బాకాల చేత పలికించేవారు. ఆ ఆలోచన ఇచ్చింది డ్రమ్స్ వాయించే మిత్రుడు లూసియానో పెర్రోనే. వీధిలోని నడక అలా వాద్యవృందం ఊపిరిలోకి చేరింది.

నన్ను కట్టిపడేసిన రచన 1956 నాటి ‘రెత్రాతోస్’. అంటే ముఖచిత్రాలు. ఒక మాండలిన్, దాని వెనక గిటార్లు, కవకీన్యో అనే చిన్న తీగవాద్యంతో కూడిన షోరు బృందం, ఆపైన వయొలిన్లు, చెల్లోల వాద్యవృందం. షోరు అంటే రియో ఇళ్ల పెరళ్లలో, వరండాల్లో పెరిగిన సంగీతం. నాలుగు భాగాల్లో నలుగురు పూర్వులు కనబడతారు: పిషింగిన్యా, సినిమా హాలు వసారాలో పియానో వాయించిన ఎర్నెస్తో నజరే, అగ్నిమాపక దళం బ్యాండును నడిపిన అనక్లేతో, షికీన్యా గొంజాగా. వారి రాగాలను ఆధారం చేసుకుని, ఒక్కొక్కరి నడకలో ఒక్కో భాగం రాశారు.

అది రాసింది ఒక మనిషి కోసం: జాకబ్ దో బందోలిం. మాండలిన్ ఆయన సొంతంగా నేర్చుకున్నది, బతుకుతెరువు కోర్టులో గుమాస్తా ఉద్యోగం. రాతలో ఉన్న ఆ కష్టమైన స్వరాలను చేతికి తెచ్చుకుని ఆయన రికార్డు చేసింది 1964లో. ఆ సాధనలో పడ్డ శ్రమంతా ఈ రచనతో సార్థకమైందన్న భావంతో న్యాటలీకి ఉత్తరం రాశారు. రెండు సంగీతాల మధ్య వంతెన అంటే ఎవరో కట్టిపెడితే మనం దాటిపోయేది అనుకునేవాణ్ణి. ఇక్కడ మాండలిన్ కాగితం దగ్గర కూర్చుని నేర్చుకుంది. వయొలిన్లు షోరు ఒడుపు పట్టుకున్నాయి. ఇద్దరూ శిష్యులయ్యారు.

మాండలిన్ అనగానే మనకు పాలకొల్లు శ్రీనివాస్ గుర్తొస్తారు. గమకం పలకదనుకున్న వాద్యం మీద ఆయన రాగాలాపన చేసి చూపించారు. అక్కడా గెలిచింది సాధనే.

జాకబ్ 1969లో కన్నుమూశారు. పదేళ్లకు, మాండలిన్ కళాకారుడు జొయెల్ నసిమెంతో కోరిక మీద, డెబ్బై దాటిన న్యాటలీ ఆ రచనను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఈసారి వాద్యవృందం లేదు. దాని స్వరాలన్నీ కమెరాతా కరియోకా అనే చిన్న షోరు బృందానికి పంచారు. అందులో ఏడు తీగల గిటార్ పట్టిన రఫాయెల్ రబెల్లోకు అప్పటికి ఇరవై కూడా నిండలేదు. పెద్ద వేదిక మీది బరువును ఆ పిల్లలు చిన్న గదిలో మోశారు.

ఆ చిన్న బృందం రికార్డు విన్నాక నేను పాటను కూడా వర్ణంలాగే, నెమ్మదిగా మొదటి కాలంలో మొదలుపెట్టి సాధన చేస్తున్నాను. మాస్టారి మాటలో నిజం ఇప్పుడు బోధపడింది. తేలిగ్గా తీసుకుని వాయిస్తే చేయి పాడవుతుంది. అది పాటైనా, వర్ణమైనా.