చేతిని, ఛాతీని కలిపి చూడాలి

బిడ్డ చేతివేళ్లు పొట్టిగా ఉంటే పుట్టిన రోజే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అదే వైపు ఛాతీ కండరం లేదన్న సంగతి మాత్రం ముప్పై, నలభై ఏళ్లొచ్చినా బయటపడకపోవచ్చు. వేళ్లను ఒక డాక్టరు చూస్తారు, ఛాతీని మరొకరు చూస్తారు. రెండింటికీ మూలం ఒకటేనని చెప్పేవాళ్లే దొరకరు. పోలండ్ సిండ్రోమ్ అనే ఈ పుట్టు లోపం పెద్దయ్యాక గానీ తేలకపోవడానికి ఇదో కారణం.

ఈ రెండింటినీ కలిపి చూసినవాడు ఆల్ఫ్రెడ్ పోలండ్. 1841లో లండన్ గైస్ ఆస్పత్రిలో చదువుకుంటూ, ఒక ఖైదీ మృతదేహాన్ని కోసినప్పుడు గమనించినవి రాసిపెట్టాడు. 1962లో అదే ఆస్పత్రి సర్జన్ పాట్రిక్ క్లార్క్‌సన్ ఈ లోపానికి ఆయన పేరు పెట్టాడు. ఇది సుమారు 30,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మగవాళ్లలో, కుడివైపున ఎక్కువ.

నిర్ధారణకు పెద్ద యంత్రాలతోనే మొదలుపెట్టనక్కర్లేదు. చొక్కా విప్పించి, రెండు అరచేతులూ ఛాతీ ముందు జోడించి గట్టిగా నొక్కమంటాను. కండరం ఉన్న వైపు చంక ముందు అంచు బిగుసుకుని పైకి తేలుతుంది. లేని వైపు ఆ అంచే కనిపించదు, వేలు పెడితే నేరుగా పక్కటెముకలు తగులుతాయి. ఎక్స్‌రేలో ఆ వైపు నల్లగా కనబడితే ఊపిరితిత్తుల జబ్బని పొరబడే ప్రమాదం ఉంది. ఆడవాళ్లలో ఒక రొమ్ము చిన్నదిగా ఉండిపోతుంది. ఎవరికీ చెప్పుకోలేక, జాకెట్టు కుట్టులో సర్దుకుంటూ ఏళ్లు గడిపేస్తారు.

తేలాక అందరికీ ఆపరేషన్ అవసరం లేదు. మిగతా కండరాలు చాలావరకు పని అందుకుంటాయి. ఈ లోపంతోనే ఫ్రెంచ్ బాక్సర్ జెరోమ్ థామస్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం, 2004 ఏథెన్స్‌లో రజతం గెలిచాడు. ఆకారం సరిచేసుకోవాలనుకునే వాళ్లకు వీపు కండరాన్ని ముందుకు తెచ్చి అమర్చడం, కొవ్వు ఎక్కించడం, ఇంప్లాంట్ వంటి దారులున్నాయి.

గర్భంలో ఆరో వారం ప్రాంతంలో ఆ వైపు ధమనిలో రక్తప్రవాహం తగ్గడమే దీనికి కారణమని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం. చాలా కుటుంబాల్లో ఇది ఒక్కరితోనే ఆగిపోతుంది. మన ఊళ్లలో మాత్రం గ్రహణం నాడు బయటికొచ్చిందనో, ఏదో కోసిందనో తల్లినే అంటారు. అందుకే ఈ జబ్బు పేరు చెప్పేటప్పుడు, వీలైతే ఆ తల్లినీ పిలిపించమంటాను. ఇందులో ఆమె తప్పేమీ లేదన్న మాట డాక్టరు నోటి నుంచే, ఇంట్లోవాళ్లందరి ముందూ రావాలి.