ఎక్కములు: మాటయు లెక్కయు

భాషాభ్యాసమున గుణింతమునకు గల స్థానమే గణితాభ్యాసమున ఎక్కములకు కలదు. ఎక్కము వట్టి చిలుకపలుకని నిరసించువారును, వల్లె వేయించిన చాలునని తలచువారును నేటికిని కలరు. ఈ యుభయులును ఎక్కపు వాక్యమును నిదానించి చూడలేదని నా మనవి.

“రెండు మూళ్ళు ఆరు” అను వాక్యమును గైకొందము. ఇందు మూడు అను సంఖ్య బహువచనమైనది. మూడేసి చింతగింజలు గల కుప్పలు రెండు అని దాని యర్థము. గుణకారమనగా సమానరాశులను కూడుటయే యను నిర్వచనము ఆ “ళ్ళు”లోనే యిమిడియున్నది. “రెండు ఇంటూ మూడు” అని చెప్పించినచో ఈ యర్థము మరుగుపడును.

అయినను ఎక్కమున నొక చిక్కు లేకపోలేదు. రెండవ యెక్కము 2, 4, 6, 8 అని రెండేసి చొప్పున పెరుగును. మాట మాత్రము రెండు మూళ్ళు, రెండు నాలుగులు అని సాగును. రెండు కుప్పలలోను ఒక్కొక్క గింజ చేరుటచేతనే మొత్తము రెండు పెరిగినదని ఉపాధ్యాయుడు చూపనిచో బాలునకు క్రమము తెలియునే కాని కారణము తెలియదు. గింజలను వరుసలుగా పేర్చిన ఈ చిక్కు విడును. నాలుగేసి గింజల మూడు వరుసలను ప్రక్కనుండి చూచిన మూడేసి గింజల నాలుగు వరుసలే. ఏడు ఎనిమిదులు వచ్చిన బాలునకు ఎనిమిది ఏళ్ళు వేఱుగా నేర్పనక్కఱ లేదు.

ఈ విచారము గంజాము తెలుగువారికి మఱింత ముఖ్యము. 1936 ఏప్రిల్ 1 వఱకు మద్రాసు రాష్ట్రమున నుండిన బరంపురము నాడు ఒరిస్సాలో చేరినది. ఇచటి తెలుగు బాలుడు ఇంట ఎక్కమును, ఒడియా బడిలో పణికియాను వినును. గుణ్యము, గుణకము అను శాస్త్రపదములు రెండు భాషలకును సమానములే. భేదమంతయు సంఖ్యల పేళ్ళలో నున్నది. “ఎనిమిది నాలుగులు ముప్పై రెండు” అన్నంతనే పదులు మూడు, ఒకట్లు రెండు అని చెవికే తెలియును. ఒడియాలో 32 “బతిశ”, 56 “ఛపన”, 72 “బాస్తరి”. ఒకట్ల యంశము ముందువచ్చి పదులతో కలిసిపోయినది. 18ని 4చే గుణించునపుడు 32లోని 2 వ్రాసి 3 పైస్థానమునకు కొనిపోవలెను గదా! తెలుగు పేరు ఆ విభాగమును తానే చూపును. ఒడియా పేరును ముందుగా విప్పుకొనవలెను. ఇది ఒడియా భాషకు లోపము కాదు. మన పదకొండు, పన్నెండు, పందొమ్మిదియు ఇట్టివే. ఒడియా బిడ్డకు పుట్టుకతో చెవికెక్కిన ఆ పేళ్ళు తెలుగు బిడ్డకు గుణకారముతోపాటు రెండవ బరువగుచున్నవి.

ఈ సత్యమునకు నిదర్శనము మన సీమలోనే కలదు. సవరలు పండ్రెండింటిని, ఇరువదిని ఆధారముగా గొని లెక్కింతురు. 13 వారికి పండ్రెండునొకటి, 32 ఇరువదియు పండ్రెండును. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చి, ఆ భాషలో వాచకములు రచించి, బడులు పెట్టించిరి. బిడ్డ మాటలోనే చదువు మొదలు కావలెనని వారు ఆచరించి చూపిరి. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింపుమని రాష్ట్రములను కోరుచున్నది.

కావున మొదట గింజల వరుసలు, పిదప తెలుగు ఎక్కము, అది స్థిరపడిన తరువాత పణికియా – ఇది నాకు తోచిన క్రమము. పణికియాను విడువరాదు, బజారునను, పరీక్షయందును బాలునకు దానితో పని కలదు. తెలుగు బడి లేని వీధిలో ఈ భారము తలిదండ్రులదే. సాయంకాలము పది నిమిషములు, గుప్పెడు చింతగింజలు – ఇంతకు మించిన పరికరము లేదు. “రెండు మూళ్ళు” అన్నప్పుడు బిడ్డ రెండు కుప్పలు పెట్టినచో ఎక్కము వచ్చినట్లే. పెట్టలేనిచో ఇరువది యెక్కములు అప్పగించినను రానట్లే.