సంతకం ఎవరి చేతిలో ఉంది?

కార్డు మెషిన్‌లో పిన్ నొక్కినప్పుడు ఆ నాలుగంకెలను మనం అప్పగించేది లోపల నడుస్తున్న ప్రోగ్రామ్‌కి. అది ఎక్కడో సర్వర్ నుంచి డౌన్‌లోడ్ అయి వచ్చింది. రేపు మరో వెర్షన్ రావచ్చు. వచ్చిన ఫైల్ అసలుదో కాదో మెషిన్ తేల్చుకోవడానికి ఉన్న ఆధారం డిజిటల్ సంతకం. ప్రోగ్రామ్‌ను నిర్ణీత పొడవున్న హ్యాష్‌గా కుదించి, దానిమీద సంస్థ తన రహస్య కీతో ముద్ర వేస్తుంది. వెరిఫోన్ సంస్థ కార్డు మెషిన్లలో ఆ ముద్ర పి7ఎస్ అనే పొడిగింపుతో విడి ఫైల్‌గా, ప్రోగ్రామ్‌తో జతగా దిగుతుంది. మెషిన్ మళ్లీ హ్యాష్ లెక్కగట్టి, తన దగ్గరున్న సర్టిఫికెట్‌తో సరిచూసుకుంటుంది. ఫైల్‌లో ఒక్క బైటు మారినా ప్రోగ్రామ్‌ను నడవనివ్వదు. దీని వెనకున్న ఆర్‌ఎస్‌ఏ గణితం 1978లోనే అచ్చయింది, నేటికీ నిలిచే ఉంది. బలహీనమైన చోటు వేరే ఉంది: ఆ రహస్య కీని ఎవరు, ఎలా వాడుతున్నారన్నది. సంతకం పెట్టే పనిని ఎంత తేలిక చేస్తే ఆ సంతకానికి విలువ అంత తగ్గుతుందన్నది నా వాదన.

డౌన్‌లోడ్ దారినే ఎన్‌క్రిప్ట్ చేశాం కదా, మళ్లీ సంతకం దేనికని కొందరు అడుగుతారు. దారికి వేసిన కాపలా దారివరకే. పంపే సర్వరే దొంగ చేతిలో పడితే అదే భద్రమైన దారిలో చెడ్డ ఫైల్ క్షేమంగా చేరుతుంది. 2013 చివర్లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల్లో దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. చొరబాటుదారులు ఒక కాంట్రాక్టరు లాగిన్‌తో లోపలికి వచ్చి, సంస్థ సొంత నెట్‌వర్క్ మీదుగానే బిల్లింగ్ కౌంటర్లలోకి దొంగ ప్రోగ్రామ్‌ను దించారు. అందుకే ఫైల్ ఏ దారిన వచ్చినా, ఆ ఫైల్‌ను చూసే మెషిన్ తీర్పు చెప్పాలి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. 2020లో బయటపడ్డ సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ఉదంతంలో విషం కలిసిన అప్‌డేట్‌కు ఆ సంస్థ నిజమైన సంతకమే ఉంది. సుమారు 18 వేల సంస్థలకు అది చేరింది. 2010 నాటి స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్‌కు తైవాన్ కంపెనీల నుంచి దొంగిలించిన కీలతో సంతకం పెట్టారు. మరి సంతకం వల్ల ఒరిగిందేమిటి? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. సంతకం చెప్పేది ఫైల్ ఎవరిదన్నదే. అది మంచిదా కాదా అన్నది చెప్పదు. కానీ ఈ రెండుచోట్లా లెక్క తప్పలేదు. ఒకచోట సంతకానికి ముందు జరగాల్సిన పరిశీలన తప్పింది, ఇంకోచోట కీ కాపలా తప్పింది. కాబట్టి మన శ్రద్ధంతా పోవాల్సింది అక్కడికే. కీని స్మార్ట్ కార్డులోనో, బయటికి తీయడానికి వీల్లేని హార్డ్‌వేర్‌లోనో ఉంచాలి. ప్రోగ్రామ్ రాసినవారే సంతకం పెట్టకూడదు; ఇద్దరు వ్యక్తులు చెరొక పిన్ కొడితేగానీ ముద్ర పడకూడదు. ప్రోగ్రామ్ తయారయ్యే సర్వర్‌లోనే కీని కాపీ చేసి, బటన్ నొక్కగానే సంతకం పడేలా చేసుకున్నచోట ఆ సర్వర్‌ను గెలిచినవాడికి సంతకం కూడా దక్కినట్టే.

పండగ ముందురోజు లోపం బయటపడితే ఇద్దరు మనుషుల కోసం ఆగాలా అంటారు నిర్వహణ చూసేవాళ్లు. వాళ్ల ఇబ్బంది నిజమైనదే. కొత్త ప్రోగ్రామ్‌తో పాత సంతకం వెళ్తే మెషిన్ నిరాకరిస్తుంది, దుకాణంలో అమ్మకం ఆగుతుంది, చీవాట్లు పడేది వాళ్లకే. అయితే దానికి మందు కీని అందరికీ అందుబాటులో పెట్టడం కాదు. సంతకం చేయగలవారిని ముందే అదనంగా నియమించుకోవాలి. కొత్త ప్రోగ్రామ్, సంతకాల జత సరిచూడటం పూర్తయ్యేవరకు పాత జతను మెషిన్‌లోంచి తీసేయకూడదు. మొదట కొద్ది మెషిన్లకే పంపి చూడాలి. ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు: లోపమున్న పాత వెర్షన్ సంతకం ఈ రోజుకీ చెల్లుతుంది. వెర్షన్ సంఖ్య కూడా చూడని మెషిన్ ఆ పాతదాన్నే మళ్లీ లోపలికి రానిస్తుంది.

టెండర్లు పిలిచేటప్పుడు బ్యాంకులు మెషిన్ ధరతో, నెలవారీ అద్దెతో ఆగిపోకూడదు. సంతకం కీ ఎక్కడుంది, ఎంతమంది కలిస్తే అది పనిచేస్తుంది, ప్రయోగశాల కోసం ఇచ్చిన పరీక్ష సర్టిఫికెట్లను దుకాణంలోని మెషిన్ తిరస్కరిస్తుందా అని అడగాలి. జవాబులు రాతపూర్వకంగా తీసుకోవాలి.