కన్యాశుల్కమున దండభయము

కన్యాశుల్క నాటకమున హత్యాభియోగ కథ అనావశ్యకమనియు, అది నాటకమును సాగదీసినదనియు తలచువారు కలరు. మా అభిప్రాయము వేఱు. 1897లో తొలిసారి ముద్రితమై, 1909లో ఎంతయో పెంచబడి వెలువడిన ఈ నాటకమున కన్యకు వెల కట్టబడినట్లే దండభయమునకును వెల కట్టబడినది. ఈ రెండు బేరములను ఒకచోట నిలిపి చూచినగాని గురజాడవారి దృష్టి తేటపడదు.

దండమును ఆర్థికదృష్టితో పరిశీలించుట క్రొత్త కాదు. శిక్ష యొక్క క్రౌర్యముకంటె అది తప్పదను నిశ్చయమే నేరమును వారించునని 1764లో బెక్కరియా వాదించెను. 1968లో గారీ బెకర్ ఈ విచారమునకు గణితరూపము కల్పించెను. స్థూలముగా చెప్పినచో, నేరము చేయదలచినవాడు దానివలని లాభమును ఒక తక్కెడలోను, పట్టుబడు సంభావ్యతతో గుణించిన శిక్షాభారమును రెండవ తక్కెడలోను ఉంచి తూచుకొనును.

ఈ త్రాసున లుబ్ధావధానులను నిలిపి చూతము. ఆయన హత్య చేయలేదు. చేయుటకు హతురాలే లేదు. పెండ్లికూతురుగా వచ్చినది ఆడువేషము వేసిన మహేశము. వాడు వేషము విడిచి వెడలిపోగా మిగిలినది కనబడని పిల్ల యొకతె, ధనమున్న పిరికివాడొకడు. దమ్మిడీ దమ్మిడీకి లెక్క చూచుకొను ఆ లోభి బెకర్ ఊహించిన మనుజునకు చక్కని ఉదాహరణమే. కాని నేరము చేయకుండుటవలన ఆయనకు ఒరిగినదేమి? దోషికిని నిర్దోషికిని శిక్ష పడు అవకాశము ఇంచుమించు సమానమైనచో, శిక్ష ఎంత తీవ్రమైనను నేరము మానుటకు అది హేతువు కానేరదు. త్రాసు మంచిదే, తూచువాని చేయి మంచిది కాదు.

1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 194వ విభాగము ఇచట స్మరింపదగినది. మరణశిక్ష పడదగిన నేరమున ఒకనిని ఇరికించుటకై కూటసాక్ష్యము పలికినవానికి యావజ్జీవ ప్రవాసము విధింపవచ్చునని అందు ఉండెను. ఆ సాక్ష్యమువలన నిర్దోషి ఉరితీయబడినచో సాక్షికి మరణశిక్షయే విధింపవచ్చునని ఉండెను. కాగితముపై ఇంతకు మించిన తీవ్రత ఏమి కావలయును? ఐనను రామప్పపంతులు నిద్రకు దానివలన భంగము లేదు. వ్యాజ్యములే అతని సేద్యము. పట్టుకొనవలసినవాడే బేరమున పాలివాడైనపుడు పట్టుబడు సంభావ్యత శూన్యము. శూన్యముతో గుణించిన ఉరిత్రాడును శూన్యమే.

ఇంతకంటె సూక్ష్మమైన విషయము కరటకశాస్త్రి పాత్రమున కలదు. పెండ్లికూతురు మగపిల్లవాడని ఆయన ఎఱుగును. ఆ మాట బయటపెట్టినచో వృద్ధుడు బ్రతుకును. కాని తన మోసమునకు తాను చిక్కుకొనును. నేరమును వారింపవలసిన దండభయము ఇచట సత్యమును వారించుచున్నది. నేరస్థుని లెక్కను తూచిన అర్థశాస్త్రము సాక్షి లెక్కను ఇంత శ్రద్ధతో తూచినట్లు మాకు తోపదు.

ఆ మౌనమును వీడినది మధురవాణి. పురుషవేషమున సౌజన్యారావు ఇంటికి వచ్చి ఆమె నిజము చెప్పుట భయమువలననో లాభమువలననో జరిగినది కాదు. ఇది ఏ సూత్రమునకును లొంగని పని. గురజాడవారు ఈ ఒక్క పనిపై ఒక ప్రాణమును నిలుపుట నాటకమునకు బలమా, బలహీనతయా? మేము బలహీనతయనువారి పక్షము వహింపము. తుదిరంగము న్యాయస్థానమున గాక న్యాయవాది గృహమున ముగియుట గమనింపదగినది. రామప్పపంతులునకు ఏ శిక్షయు పడినట్లు నాటకము చెప్పదు.