మెరెట్రిక్స్ - వేశ్య - సాని: ఒక పదవిచారము

చోడవరమున జరిగిన యొక సాహిత్యగోష్ఠిలో రోమను నాటకకర్త టెరెన్సును పరిచయము చేయుచుండగా, లాటిను 'మెరెట్రిక్స్' పదమునకు సరియైన తెలుగేమని ఒక విద్యార్థి యడిగెను. తడుముకొనక 'వేశ్య' యంటిని. నిఘంటుదృష్టితో ఆ యుత్తరము తప్పు కాదు. కాని పదము పుట్టుకను విచారించినకొలది నాకది చాలినట్లు తోచలేదు.

ఈ పదమునకు మూలము 'మెరేరే' యను క్రియ. ఆర్జించుట, అర్హత పొందుట యని దాని యర్థము. మన కళాశాలలలో వినబడు 'మెరిట్' శబ్దమును దానినుండి వచ్చినదే. (ఈ చుట్టరికమును చెప్పగా గోష్ఠిలో నవ్వులు వినబడినవి.) చివరనున్న 'ట్రిక్స్' స్త్రీవాచకమగు కర్త్రర్థక ప్రత్యయము; సంస్కృతమున దాత్రి, నేత్రి మొదలగు రూపములందలి 'త్రీ' ప్రత్యయము దానికి తోబుట్టువు. కావున మెరెట్రిక్స్ అనగా 'అర్జయిత్రి', అనగా ఆర్జించునది. స్త్రీ యిచట కర్త. ఒకరు పొందెడి వస్తువు కాదు.

సంస్కృతపదముల దృష్టి వేరు. వేశ్యకు వేశము, అనగా ఆమె యుండు వాడ, ఆధారము, గణికకు గణము. 'రూపాజీవ' యొక్కటే జీవికను తలచినది. అదియు రూపమునే ముందు నిలిపి, ఆర్జనను దాని వెనుక నుంచినది.

రోమనులు ఈ స్త్రీలను గౌరవించిరని నా భావము కాదు. వారికి 'స్కోర్టుం' (తోలు), 'లూపా' (ఆడుతోడేలు) అను నీచపదములును కలవు. మెరెట్రిక్స్ 'ప్రోస్టిబులా' కంటె మర్యాదగల మాటయని నోనియస్ అను ప్రాచీనవ్యాకర్త వివేచించెను. అయినను క్రీ.పూ. 56లో కేలియస్ పక్షమున వాదించుచు సిసెరో, ఉన్నతవంశజయగు క్లోడియాపై ఈ మాటనే యాయుధముగ ప్రయోగించెను. మఱియు ప్లౌటస్ నాటకములలో యజమానునకు దాసియైన స్త్రీ యార్జన యామెది కాదు. వ్యాకరణ మిచ్చిన కర్తృత్వమును లోక మీయలేదు.

మన 'సాని' పదము చరిత్ర యింతకంటె విషాదకరము. ఇది 'స్వామిని'కి తద్భవము. కాకతీయకాలపు శాసనములలో గౌరవస్త్రీల నామముల చివర నిది కానవచ్చును. సింహాచల శాసనములలో దేవుని కొలువునందున్న సానుల ప్రసక్తి కలదు. తరువాత నీ మాట నిందగా దిగజారినది. కాని 'దొరసాని' దిగజారలేదు. చోడవరము చుట్టుపట్ల పల్లెలలో 'మంత్రసాని' యన్న నెవరును నిందగా నెంచరు. కనుక దోషము శబ్దమునందు లేదు. ఎవరిని గూర్చి పలికిరో, పలికినవారి చూపెట్టిదో, అందున్నది.

ఈ విషయమును గురజాడ అప్పారావు గారు బాగుగ నెఱిగిరి. వారు 1862లో ఎస్. రాయవరమున జన్మించిరి; ఆ గ్రామమును చోడవరమును నేడు అనకాపల్లి జిల్లాలోనివి. 'కన్యాశుల్కము' (1897, పునారచన 1909) నందు శుల్కము పుచ్చుకొనువాడు తండ్రి, అమ్ముడుపోవునది కన్య. మధురవాణియో, తన కంటె కొఱకు రామప్పంతులను నిలదీసి యడుగగలదు. సొత్తు తనది, మాట తనది. గృహస్థుల యిండ్లలో ధనమునకు కర్త పురుషుడు. సాని యింట కర్త స్త్రీ. ఆ మర్మమును లాటిను ప్రత్యయము ఒక్క యక్షరముతో తెలిపినట్లు నాకు తోచును. ఇందు గురజాడవారికి లాటిను ప్రభావ మున్నదని కాదు, పోలిక నాది.

టెరెన్సు 'యూనకస్' (క్రీ.పూ. 161) నందలి థాయిస్ ఒక బాలికను ఆమె బంధువుల కప్పగింప యత్నించును. మధురవాణి సుబ్బి పెండ్లిని తప్పించుటకు పూనుకొనెను. థాయిస్ పాత్రను తెనిగించువారు 'వేశ్య' యని వ్రాసినచో ఆమె వాడ మాత్రమే పాఠకునకు కనబడును. 'భోగస్త్రీ' యన్నచో ఆమెను కోరినవాని దృష్టి కనబడును. నేనైన 'సాని' యనియే వ్రాయుదును. ఆర్జనార్థము అందు రాదు. ఆ లోపమును సంభాషణలు పూరింపవలెను. గోష్ఠిలో నన్నడిగిన విద్యార్థికి నే నిపుడిచ్చు నుత్తర మిది.