ఒక్క చెలక, ఎన్ని కోతలు

జహీరాబాద్ దాటి లోపలి ఊళ్ళకు పోతుంటే దారి పక్కన చెరకు, పత్తి, అల్లం కనిపిస్తాయి. వాటి మధ్య ఎక్కడో ఒక ఎర్ర నేల చెలక కోసీ కోయనట్టు, చిందరవందరగా ఉంటుంది. నవంబర్ చివర్లో నేను చూడటానికి పోయింది అలాంటి చెలకనే. రెండున్నర ఎకరాలు. అవ్వ, కొడుకు, కోడలు, ఒక జత ఎడ్లు, రెండు బర్రెలు.

పట్నంలో సేంద్రియ సాగు గురించి మాట్లాడేటప్పుడు లెక్కంతా లేనివాటి మీదే నడుస్తుంది. యూరియా లేదు, పురుగుమందు లేదు. అవ్వ వెంట సాళ్ళలో నడుస్తుంటే ఆ ఊసే రాలేదు. ఆమె చెప్పిందంతా ఏది ఎప్పుడు చేతికొస్తుందన్నదే. మృగశిర కార్తెలో వాన పడగానే గొర్రుతో జొన్న, కంది సాళ్ళు పడతాయి. నడుమ పెసర, కొర్ర, బొబ్బర్లు, అనుములు. గట్టు వెంట ఆముదం, పుంటికూర. పెసర డెబ్బై రోజుల్లో ఇంటికొస్తుంది. మూడు నెలలకు కొర్ర, మరి కొన్నాళ్ళకు జొన్న. అప్పటిదాకా జొన్న నీడన అణిగి ఉన్న కంది అది పోగానే కొమ్మలు చాస్తుంది. నేను పోయేసరికి పూత మీదుంది, అక్కడక్కడ కాయ పట్టింది. కోత సంక్రాంతి నాటికి.

జొన్న వేరు పైపైన తడి తాగుతుంది, కంది వేరు లోతుకు దిగుతుంది. ఒకదాని వాటాకు ఇంకొకటి పెద్దగా అడ్డం రాదు. పప్పుజాతి వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పడతాయి. రాలిన కంది ఆకు నేలకే పోతుంది. ఇదంతా నేను పుస్తకాల్లో చదువుకున్నది. అవ్వ చెప్పింది ఇంకొకటి. "ఒక్కటే ఏస్తే, వాన మొకం చాటేసిన ఏడు ఇంటిల్లిపాది ఏం తినాలె బిడ్డా?"

జీవామృతం సంగతి అడిగాను. రెండు వందల లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు మట్టి. కోడలు ఉత్సాహంగా డ్రమ్ము చూపించింది. అవ్వకు దాని మీద పెద్ద గురి లేదు, పెంట తోలితే చాలంటుంది. ఇద్దరిలో ఎవరిది సరో తేల్చేంత చదువు నాకు లేదు. కానీ ద్రావణాల గురించి జరిగే ప్రచారంలో పదో వంతు కూడా ఈ సాళ్ళ అమరిక గురించి జరగదు.

ఇంట్లో విత్తనాలు బూడిద, ఎండిన యాపాకు కలిపి బుట్టల్లో పెట్టి, పైన పేడమట్టి అలికి ఉన్నాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఈ మెట్ట ప్రాంతపు కంచాల్లో జొన్నరొట్టె పక్కకు జరిగింది. తినేవాళ్ళు తగ్గితే విత్తనమూ నిలవదు. అదే ఏడు ఇక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. 1990ల్లో వాళ్ళు బీడు భూములు దున్ని, జొన్నలకే సొంత రేషన్ నడిపారు. విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పే పాత పంటల జాతర ఏటా జనవరిలో చేస్తారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇంత మెచ్చుకున్నాక చాకిరీ సంగతి కూడా చెప్పాలి. పెసరకాయ ఏరడం, కొర్ర కోయడం, అనుములు తెంపడం, కొట్టడం, చెరగడం, అన్నీ వేర్వేరు రోజుల్లో, వేర్వేరుగా, చేత్తోనే. జొన్నకని యంత్రం దింపితే కంది నేలపాలవుతుంది. ఆ చెయ్యి దాదాపు ప్రతిసారీ ఆడవాళ్ళదే. కొడుకు గొర్రు కడతాడు, బండి తోలతాడు; వంగి చేసే పని కోడలిది. మార్కెట్‌దీ ఇదే వరస. ఒక్క తీరు సరుకు లారీ నిండా ఉంటేనే వ్యాపారి ఊళ్ళోకి వస్తాడు. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమని పట్నంలో కొర్రల ప్యాకెట్లకు గిరాకీ పెరిగింది. అయినా అవ్వ అమ్మదలుచుకున్న నలభై కిలోల కొర్రల కోసం ఊళ్ళోకి వచ్చే వ్యాపారి లేడు.

కొడుక్కి పత్తి మీద మనసుంది. కూతురి కాలేజీ ఫీజు ఒక్కసారే కట్టాలి, దానికి గంపెడు పెసలు అక్కరకు రావు. ఒకటో తారీకుకు జీతం పడే నేను అతన్ని తప్పుపట్టలేను. వచ్చే వానాకాలం ముప్పావు ఎకరం పత్తికి అవ్వ ఒప్పుకుంది. విత్తనం తీసే చెక్క ముట్టొద్దు, పుంటికూర గట్టు దాకా మందు గాలి రావొద్దు, ఆరు సాళ్ళకొకటి కంది పడాలె. మొదటి రెండింటికీ కొడుకు తలూపాడు. కంది మాత్రం ఎనిమిది సాళ్ళకొకటి పెడతానన్నాడు. నేను బయల్దేరే వేళకు బేరం ఇంకా తెగలేదు.