మూడు అద్దాలు, ఒక చుక్క

మెకానిక్ కుర్రాడు రెండో అద్దం ముందు తెల్ల కాగితం టేపు ముక్క అంటించి, పల్స్ బటన్‌ను ఒక్కసారి తాకి వదిలాడు. మెరుపు లేదు, చప్పుడు లేదు. టేపు మీద కందిగింజంత గోధుమరంగు మచ్చ పడింది. అడ్డ దూలాన్ని చేత్తో బల్ల ఆ చివరికి తోసి మళ్లీ తాకాడు. రెండో మచ్చ మొదటిదానికి కాస్త పక్కగా పడింది. పెదవి విరిచాడు. మొదటి అద్దం వెనకున్న మూడు మరల్లో ఒకదాన్ని వెంట్రుకవాసి తిప్పాడు. కొత్త టేపు, మళ్లీ రెండు మచ్చలు. ఈసారి రెండూ ఒకదానిమీదొకటి కూర్చున్నాయి. మేనల్లుడికి లేజర్ మెషిన్ కొనిపెడదామని విజయవాడ వెళ్లిన నేను, బేరం సంగతి మరిచిపోయి ఆ టేపు ముక్క దగ్గరే నిలబడిపోయాను.

మావాడికి తెనాలిలో ఫ్లెక్సీలు, నేమ్ బోర్డులు, షీల్డులు చేసే చిన్న షాపుంది. యాక్రిలిక్ అక్షరాలు కావాల్సి వచ్చినప్పుడల్లా ఫైలు బయటికి పంపి, రెండు రోజులు కాచుకుని, తీరా వచ్చాక ఏదో ఒక ఒత్తు విరిగి ఉండటం వాడికి అలవాటైపోయింది. సొంతంగా మెషిన్ కొందామని నాలుగు కొటేషన్లు తెచ్చి నా ముందు పరిచాడు. "ఏది మంచిది మావయ్యా?" అన్నాడు. నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ని కాబట్టి నాకు తెలుస్తుందని వాడి నమ్మకం. నాలుగు కాగితాల్లోనూ పెద్దక్షరాల్లో ఉన్నవి రెండే: వాట్లు, బల్ల కొలత. ఎద్దును కొనేవాడు ఒళ్లు చూసి నడక చూడకపోతే ఎట్లా?

నడక చూడాలంటే వెనక మూత తీయాలి. లోపల పొడవాటి గాజు గొట్టం ఉంటుంది. అందరూ దాన్ని ట్యూబ్ అనే అంటారు. చూడ్డానికి ఒకటే గాని, అది ఒకదానిలో ఒకటి అమర్చిన మూడు గొట్టాలు. నడిమిది సన్నం, విద్యుత్తు పారేది అందులోనే. దాని చుట్టూ నీటి తొడుగు. అన్నిటికీ బయటిది గ్యాసు నిలవ. ఆ గ్యాసు కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, హీలియంల మిశ్రమం. ఈ మూడూ పని పంచుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. వేల వోల్టుల విద్యుత్తు పడగానే ముందుగా నైట్రోజన్ అణువులు శక్తి పుంజుకుంటాయి. దాన్ని కాంతిగా వదిలేసే దారి వాటికి సులువుగా దొరకదు. అందుకని పట్టుకునే తిరుగుతాయి, కార్బన్ డయాక్సైడ్ అణువు తగిలినప్పుడు దానికి అందిస్తాయి. రెండింటి శక్తిమెట్లూ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి ఆ చేతిమార్పులో పోయేది చాలా తక్కువ. కార్బన్ డయాక్సైడ్ ఒక మెట్టు దిగుతూ 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యంతో కాంతిని వదులుతుంది. మన కంటికి కనిపించని కాంతి అది. మెట్టు దిగిన అణువును పూర్తిగా కిందికి దించి మళ్లీ ఎక్కడానికి సిద్ధం చేసేది, వేడిని గాజు గోడకు చేరవేసేది హీలియం. గొట్టం రెండు చివర్లా అద్దాలుంటాయి. వెనకది వచ్చిన కాంతినంతా తిప్పికొడుతుంది, ముందుది కొంత బయటికి వదులుతుంది. ఆ రెండింటి మధ్య అటూ ఇటూ తిరుగుతూ కాంతి తనలాంటి కాంతినే పుట్టించుకుని బలపడుతుంది.

ఈ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది కుమార్ పటేల్. 1938లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణె ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నవాడు. లేజర్ షాపుల్లో గోడలకు ఎన్నో బొమ్మలు తగిలిస్తారు, ఆయన బొమ్మ మాత్రం నేనెక్కడా చూడలేదు.

గాజు ట్యూబులో బలం పొడవును బట్టి వస్తుంది. 40 వాట్లది 70 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, 100 వాట్లదానికి ఒక మీటరు 40 సెంటీమీటర్లు దాటాలి. మా కొటేషన్లలో ఒకటి 100 వాట్లంది. టేపు పెట్టి కొలిస్తే ట్యూబు మీటరుంపావు. మామూలుగా 80 వాట్లకు ఉండే పొడవు అది. అమ్మేవాడు అబద్ధమాడాడని కూడా అనలేం. ఎక్కువ కరెంటు తోస్తే కాసేపు ఆ 100 వాట్లూ వస్తాయి, కాకపోతే ట్యూబు ఆయుష్షు తరిగిపోతుంది. అందుకే ట్యూబులో పారే మిల్లీ ఆంపియర్లు చూపించే మీటరు ముందు పలక మీద ఉందో లేదో చూడమన్నాను. ముల్లున్న పాత రకం మీటరైనా సరే.

నీళ్ల సంగతి మన ఊళ్లలో మరీ ముఖ్యం. ట్యూబులోకి వెళ్లిన విద్యుత్తులో చాలా భాగం వేడిగానే మిగులుతుంది. ఆ వేడిని మోసుకుపోయే నీళ్లు 20 డిగ్రీల ప్రాంతంలో ఉండాలి. చౌకలో వచ్చే సి.డబ్ల్యు. 3000 రకం చిల్లర్ పేరుకే చిల్లర్. లోపల ఒక రేడియేటరు, ఒక ఫ్యాను, అంతే. గదిలో ఉన్న వేడికంటే నీళ్లను చల్లగా చేయడం దానివల్ల కాదు. మే నెలలో తెనాలి షాపులో అది 40 డిగ్రీల నీళ్లే తిప్పుతుంది. సి.డబ్ల్యు. 5200 లాంటిదానిలో ఫ్రిజ్‌లో ఉన్నట్టు కంప్రెసర్ ఉంటుంది. అలాగని మరీ చల్లగా పెడితే, ఉక్కపోత రోజుల్లో ట్యూబు చివర చెమట పట్టి, హై వోల్టేజీ పక్కదారి పడుతుంది. ట్యూబును అమర్చడంలోనూ ఒక చిన్న తెలివి ఉంది. నీళ్లు బయటికి వచ్చే ముక్కు పైకి ఉండేలా తిప్పి పెడతారు. అప్పుడు గాలిబుడగ లోపల ఇరుక్కోకుండా పైకి పోతుంది. బుడగ నిలిచిన చోట గాజు వేడెక్కి పగులుతుంది.

ఇక అద్దాలు. ట్యూబులోంచి వచ్చిన కాంతి 45 డిగ్రీల్లో నిలబెట్టిన మొదటి అద్దానికి తగిలి పక్కకు తిరుగుతుంది. రెండో అద్దం అడ్డ దూలం చివర ఉంటుంది, దూలంతో పాటు ముందుకూ వెనక్కూ కదులుతుంది. మూడోది దూలం మీద అటూ ఇటూ పరిగెత్తే తలలో ఉండి, కాంతిని కిందికి, లెన్స్‌లోకి దించుతుంది. అంటే ట్యూబు కదలదు, సరుకు కదలదు. తల ఎక్కడికి పోతే కాంతి అక్కడికి వెతుక్కుంటూ వెళ్లాలి. అలా వెళ్లాలంటే కాంతి దారి, చక్రాలు జారే పట్టాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. టేపు మీద మచ్చల పరీక్ష దీనికోసమే. కొత్తవాళ్లు మచ్చను అద్దం నడిమధ్యకు తేవాలని తాపత్రయపడతారు. ఆ కుర్రాడు మధ్య గురించి పట్టించుకోలేదు. దగ్గర పడిన మచ్చ, దూరాన పడిన మచ్చ ఒకేచోట ఉన్నాయా లేదా అన్నదే చూశాడు. రెండూ ఒకేచోట పడితే దారి తిన్నగా ఉన్నట్టు. మధ్యకు తేవడానికి తర్వాత ట్యూబునో అద్దం స్టాండునో జరిపితే సరిపోతుంది. మొదటి అద్దం మరలతో రెండో అద్దం దగ్గరి మచ్చలను, రెండో అద్దం మరలతో మూడోదాని దగ్గరి మచ్చలను, చివరికి బల్ల నాలుగు మూలల్నీ ఒక్కచుక్కకు తెచ్చేసరికి అతనికి నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో టీ వచ్చినా తాగలేదు.

కందిగింజంత ఉన్న ఆ కాంతిని లెన్స్ రెండు అంగుళాల కింద వెంట్రుకంత చుక్కగా కుదిస్తుంది. ఆ లెన్స్ గాజు కాదు, జింక్ సెలెనైడ్. తేనెరంగులో ఉంటుంది. ఈ కాంతిని గాజు తనగుండా పోనివ్వదు. యాక్రిలిక్కూ పోనివ్వదు. మన కంటికి పారదర్శకంగా కనిపించే యాక్రిలిక్ 10.6 మైక్రాన్ల కాంతికి అడ్డుగోడ. అందువల్లే అది ఆ శక్తినంతా పైపొరలోనే మింగి ఆవిరైపోతుంది, తెగుతుంది. మెషిన్ మూతకు కిటికీగా పెట్టిందీ యాక్రిలిక్కే. చెదిరి పైకి వచ్చిన కాంతిని కంటిదాకా రానివ్వకుండా ఆపేది అదే. కుదించిన చుక్కకు తెగే సరుకు, చెదిరిన కాంతికి కవచంగా పనికొస్తుంది. లెన్స్ పక్కనుంచి సన్నని గాలి ధార కిందికి కొడుతుంది. అది లేకపోతే పొగ లెన్స్ మీద పేరుకుని లెన్సే కాలిపోతుంది.

యాక్రిలిక్‌లోనూ రకాలున్నాయి. పోతపోసిన కాస్ట్ షీటు మీద చెక్కితే మంచు పట్టినట్టు తెల్లగా వస్తుంది, కాబట్టి షీల్డులకు అదే కావాలి. అచ్చులోంచి తోసి చేసిన ఎక్స్‌ట్రూడెడ్ షీటు మీద చెక్కుడు వెలవెలబోతుంది గాని, అంచు మాత్రం మెరుగుపెట్టినట్టు తెగుతుంది. పి.వి.సి. జోలికి మాత్రం పోకూడదు. బోర్డుల షాపుల్లో చేతికందే ఫోమ్ షీట్లు చాలావరకు అవే. వేడికి అందులోని క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగగా లేస్తుంది. అది ఊపిరితిత్తులకూ పట్టాలకూ చేసే హాని ఒక్కటే.

కొనేముందు మావాడు సొంత పనే పెన్ డ్రైవ్‌లో తెచ్చుకున్నాడు: "పద్మావతి నిలయం". షోరూంవాళ్లు చూపించే సీతాకోకచిలుక ఏ మెషిన్ మీదైనా అందంగానే తెగుతుంది. తెలుగు అక్షరం అంత మెతక సరుకు కాదు. 'ప'కు తలకట్టు అంటుకోదు. అంటుకుంటే అది 'వ' అయి కూర్చుంటుంది. అంటే కోసినప్పుడు తలకట్టు విడిగా ఊడిపడుతుంది. 'ద్మా' కింద ఒత్తు ఇంకో ముక్క. సున్నా నడుమ బిళ్ల రాలిపోతుంది. పైగా మన డీటీపీ ఫాంట్లలో గుడులూ కొమ్ములూ అక్షరం మీదికి ఎక్కి ఉంటాయి. కంప్యూటరులో నలుపు నింపి చూస్తే తేడా తెలియదు. లేజర్‌కు నలుపు తెలియదు, గీతే తెలుసు. రెండు గీతలు దాటుకున్న చోట అక్షరం ఒంట్లోంచి కోసుకుంటూ పోతుంది. అందుకని ముందే వాటిని ఒకే గీతగా వెల్డ్ చేయాలి. విడి ముక్కలను బోర్డు మీద సరిగ్గా అతికించడానికి మావాడి దగ్గర చక్కని ఉపాయం ఉంది. అక్షరాలు తీశాక మిగిలిన షీటు చట్రాన్నే బోర్డు మీద పరిచి, ఏ కన్నంలో ఊడిన ముక్కను ఆ కన్నంలో పెట్టి అతికిస్తాడు. గీత తెగిన సందు చాలా సన్నం కాబట్టి ముక్క జరగదు. చివర చట్రాన్ని పైకి లేపేస్తాడు.

నేనడిగింది ఒక్కటే పరీక్ష. అయిదు మిల్లీమీటర్ల షీటులో రూపాయి బిళ్లంత గుండ్రాలు నాలుగు మూలల్లో నాలుగు, నడుమ ఒకటి, వేగమూ బలమూ మార్చకుండా కోయమన్నాను. అన్నిటికంటే చౌకైన మెషిన్ మీద మొదటి అద్దానికి దగ్గరున్న బిళ్ల రాలింది, అవతలి మూలది వేలితో నొక్కినా రాలేదు. కుర్రాడు నలభై నిమిషాలు కూర్చున్నదాని మీద అయిదూ రాలాయి. బల్ల 1300, 900 మిల్లీమీటర్లది. ఎనిమిదడుగుల, నాలుగడుగుల షీటును పొడవులో మూడు సమభాగాలు చేస్తే ఒక్కోటి 1219, 813 వస్తుంది. వృథా లేకుండా పట్టేస్తుంది. దాన్నే ఖాయం చేశాం. బయానా ఇస్తుండగా కుర్రాడు ఎర్త్ సంగతి గట్టిగా చెప్పాడు, షాపు వైరింగులో ఉన్న ఎర్త్‌ను నమ్ముకోవద్దు, ఉప్పూ బొగ్గూ వేసి విడిగా గొయ్యి తీయించుకోండి అని.

మెషిన్ తెనాలి వచ్చాక లారీ కుదుపులకు అద్దాలు మళ్లీ కదిలాయి. అతనే వచ్చి, మళ్లీ టేపులు అంటించి, మళ్లీ వెంట్రుకవాసి తిప్పుళ్లు తిప్పాడు. చివరి టేపు ముక్కను మావాడు పారేయనివ్వలేదు. తారీఖు రాసి మెషిన్ మూత లోపల అంటించుకున్నాడు. అయిదు పల్సులు పడిన ఆ ముక్క మీద ఒక్కటే మచ్చ ఉంది.